బాబుకి రక్తం ఎక్కించే ఆసుపత్రికి చందాలు పోగు చేద్దామనుకుంటున్నాం, ఎలా చేస్తే బాగుంటుంది?

హన్మకొండ_అమ్మ | నవంబర్ 16, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మా బాబుకి ఏడేళ్ళు. తలసీమియా మేజర్. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. వాడికి ఎనిమిదో నెలలో తెలిసింది. అప్పటి నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మొదట్లో హైదరాబాద్ తిరిగాం. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. నాలుగేళ్ళ నుంచి ఆ తిప్పలు తప్పాయి. ఇక్కడే ఒక ట్రస్టు నడిపే చిన్న పిల్లల ఆసుపత్రిలో ఎక్కిస్తున్నారు. పేరు రాయడం లేదు, ఎవరూ అడగవద్దు.

ఆ గది గురించి చెప్పాలి. నాలుగు ఇనుప మంచాలు. గురువారం పదకొండు మంది, పన్నెండు మంది పిల్లలు వస్తారు. ఒక్కో మంచం మీద ఇద్దరు, ముగ్గురు. ఒకడి కాళ్ళు ఇంకొకడి తలవైపు. మేం అమ్మలం ప్లాస్టిక్ స్టూళ్ళ మీద పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా. మా వాడు చెయ్యి కదిలిస్తే సూది జారిపోతుందని సిస్టర్ మందుల అట్టపెట్టె ముక్క కోసి, దానికి దూది చుట్టి, చేతి కింద పెట్టి ప్లాస్టర్ వేస్తుంది. వాడు ఆ అట్ట మీద పెన్నుతో బస్సు బొమ్మ గీయమంటాడు. ఎవరు పడితే వాళ్ళు గీస్తే ఒప్పుకోడు, ఆ సిస్టరే గీయాలి.

అంత చేస్తున్నవాళ్ళకి మేం ఏమైనా చేయాలని నాకూ మా ఆయనకూ చాలా రోజుల నుంచి ఉంది. సంక్రాంతిలోపు మూడు లక్షలు పోగు చేయాలని అనుకుంటున్నాం. రక్తం నిలవ పెట్టుకోవడానికి ఒక ఫ్రిజ్, ఇన్వర్టర్, పిల్లలకి టీవీ కొనివ్వాలని ఆలోచన. పోయిన గురువారం వార్డులోనే ఒక నోట్‌బుక్ పెట్టి అందరి దగ్గరికీ తిప్పాను, 4,300 వచ్చాయి. మా మరిది స్నేహితులు డాలస్‌లో ఉన్నారు, వాళ్ళు కూడా ఇస్తామంటున్నారు. పిల్లల ఫొటోతో చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టిద్దామని మా ఆయన అంటున్నారు. ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి. తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

మిర్చి_యార్డు | నవంబర్ 16, రాత్రి 11:05

అక్కా, మంచి పని. నాది ఏనుమాముల మార్కెట్‌లో చిన్న అడ్తి దుకాణం. మీరు వస్తే మా లైన్‌లో పది దుకాణాలు తిప్పుతా, ఎంతో కొంత ఇస్తారు. ఫ్లెక్సీ మాత్రం తప్పకుండా కట్టండి. మా బాబాయి కొడుక్కి గుండె ఆపరేషన్ అప్పుడు ఫొటో పెట్టి ఫ్లెక్సీ కడితే వారంలో లక్షన్నర వచ్చింది. ఫొటో లేకుండా ఉత్త అక్షరాలు పెడితే బండి ఆపి చదివేవాడు ఉండడు.

పాత_సిస్టర్ | నవంబర్ 17, ఉదయం 6:40

అమ్మా, ముప్పై ఏళ్ళు పిల్లల వార్డుల్లోనే పనిచేసి పోయిన సంవత్సరం రిటైరయ్యాను. మీ పోస్టు రాత్రే చదివాను, ఆ అట్టముక్క దగ్గర ఆగిపోయాను. నేనూ అట్లాగే కట్టేదాన్ని.

ముందు ఫ్రిజ్ సంగతి. దయచేసి కొనకండి. రక్తం 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి, ఎప్పుడూ. ఇంట్లో వాడే ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు తీస్తే ఆ లెక్క తప్పుతుంది. దీనికి అలారం ఉండే ప్రత్యేకమైన ఫ్రిజ్ కావాలి, వేడి ఎంతుందో రోజూ రాసి పెట్టాలి, కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ కావాలి. పైగా ఆసుపత్రిలో రక్తం నిలవ పెట్టాలంటే ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఉండాలి. అది లేకుండా మీరు ఫ్రిజ్ తెచ్చిస్తే వాళ్ళు వద్దనలేక తీసుకుని మందులు పెట్టుకుంటారు. మీ డబ్బు పోయినట్టే.

ఆ గదికి ఏం కావాలో నాకు తెలియదు, నేను చూడలేదు. కానీ మీరు చెప్పినదాంట్లోనే ఒకటి కనిపిస్తోంది: మంచాలు. రక్తం ఎక్కించుకునే పిల్లవాడు పడుకోనవసరం లేదు. వెనక్కి వాలే కుర్చీ, చెయ్యి చాపుకోవడానికి పక్కన రెక్క, సెలైన్ స్టాండు ఉంటే చాలు. ఒక మంచం పట్టే చోట రెండు కుర్చీలు పడతాయి. ఇంకొకటి, తెల్లకణాలు వడకట్టే ఫిల్టర్లు వాడుతున్నారా అని అడగండి. ఆ ఫిల్టర్ పెడితే ఎక్కించేటప్పుడు చలి, జ్వరం రావడం చాలా తగ్గుతుంది. ప్రతిసారీ ప్రతి బిడ్డకూ కొత్తది కావాలి కాబట్టి చిన్న ఆసుపత్రులకు అదే పెద్ద ఖర్చు.

డాక్టరు గారిని అడిగితే మొహమాటానికి "మీ ఇష్టం" అంటారు. డ్యూటీ దిగాక ఆ సిస్టర్‌ను పక్కకు పిలిచి, "రోజూ ఏది లేక ఇబ్బంది పడుతున్నారు?" అని అడగండి.

సుబేదారి_ఆడిటర్ | నవంబర్ 17, ఉదయం 9:15

మేడం, డబ్బు ఎటు నుంచి ఎటు పోవాలన్నది ముందు తేల్చుకోండి. మీ సొంత ఫోన్‌పే నంబరుకు చందాలు వేయించుకోవద్దు. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో మొత్తం 50,000 దాటి వస్తే అది మీ ఆదాయంగా లెక్కేస్తారు. రేపు నోటీసు వస్తే ఆసుపత్రి కోసం తీసుకున్నానని రుజువు చేసుకునే పని మీ మీద పడుతుంది. ట్రస్టు ఖాతా నంబరు, వాళ్ళ క్యూఆర్ కోడ్ తీసుకుని అదే పంపండి. రసీదు వాళ్ళే ఇస్తారు.

ట్రస్టుకు 80జీ, అంటే విరాళం ఇచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు వచ్చే అనుమతి, ఉందో లేదో అడగండి. ఉంటే ఇచ్చినవాళ్ళకు ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు. వస్తువు కొనిచ్చినా రాదు, డబ్బు రూపంలో ఇస్తేనే. అందుకని కుర్చీ మీరు కొనివ్వడం కంటే డబ్బు ట్రస్టుకు ఇచ్చి కుర్చీల కోసమే అని లెటర్ రాసివ్వడం మేలు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఎలాగూ 80జీ వర్తించదు. వాళ్ళకు పన్ను కలిసొస్తుందని చెప్పి అడగకండి, తర్వాత మాట పడాల్సి వస్తుంది.

డాలస్ వాళ్ళ దగ్గర జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, వాళ్ళు మన ఊరివాళ్ళే అయినా సరే, ఇచ్చేది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. మంచి మనసుతో పంపిన డబ్బు ఆసుపత్రి మెడకు చుట్టుకోకూడదు కదా.

మంచిర్యాల_నాన్న | నవంబర్ 17, మధ్యాహ్నం 1:30

మా పాపకూ తలసీమియానే. ఇప్పుడు పదకొండేళ్ళు. మూడేళ్ళ కింద ఎముక మూలుగ (బోన్ మ్యారో) మార్పిడి జరిగింది, వాళ్ళ అన్న మూలుగ సరిపోయింది. దేవుడి దయ, ఇప్పుడు రక్తం అవసరం లేదు. మీ బాబుకి తోబుట్టువులు ఉంటే, మూలుగ సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించారా? కోల్ ఇండియా వాళ్ళ తలసీమియా బాల సేవా యోజన 2017 నుంచి ఉంది, మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తారు. సింగరేణి వాళ్ళకే అనుకుని చాలామంది అడగనే అడగరు. కోల్ ఇండియా వేరు, సింగరేణి వేరు, ఈ పథకం గనుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకే కాదు.

చందా విషయానికొస్తే నాదొక్కటే మాట. ట్రస్టు ఆడిట్ రిపోర్టు అడగండి. అడగడం తప్పు కాదు. ఒకసారి మా దగ్గర ఒకాయన వార్డు పేరు చెప్పి వసూలు చేసి వార్డుకు రెండు ఫ్యాన్లు ఇచ్చి సరిపెట్టాడు. ఆ తర్వాత నిజంగా అవసరమై మేం వెళ్తే జనం మొహం తిప్పుకున్నారు.

హన్మకొండ_అమ్మ | నవంబర్ 17, రాత్రి 9:50

అందరికీ చేతులెత్తి దండం. అన్నా, మాకు ఒక్కడే. రెండోసారి కడుపొచ్చినప్పుడు పదకొండో వారంలో పరీక్ష చేయించాం, ఆ బిడ్డకూ మేజర్ అని తేలింది. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

సిస్టర్ గారూ, ఫ్రిజ్ మాట విరమించుకున్నాను. రేపు వెళ్ళి అడుగుతాను. ఫ్లెక్సీ మాటేమిటి?

మిర్చి_యార్డు | నవంబర్ 17, రాత్రి 10:10

ఫ్లెక్సీ కట్టండి అక్కా. పిల్లాడు చేతికి సూదితో ఉన్న ఫొటో. చూసినవాడి గుండె కరగాలి, అప్పుడే చెయ్యి జేబులోకి పోతుంది. లోకం అట్లనే ఉంది.

బీ_పాజిటివ్_22 | నవంబర్ 18, అర్ధరాత్రి 12:35

ఈ వేదికలో నేను చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకు ఇరవై రెండేళ్ళు. తలసీమియా మేజర్. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊరి బస్టాండు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కట్టినవాళ్ళు మంచివాళ్ళే, మా నాన్న స్నేహితులు. డబ్బు వచ్చింది, రక్తం ఎక్కించీ ఎక్కించీ ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందులు ఆ ఏడాదంతా ఆ డబ్బుతోనే కొన్నాం. అది నేను మరిచిపోను. కానీ ఆ ఫ్లెక్సీ తీయడం ఎవరికీ గుర్తులేదు. వానకు చిరిగి, ఎండకు రంగు పోయి, రెండేళ్ళు అక్కడే ఉంది. రోజూ దాని కింది నుంచే బడికి వెళ్ళేదాన్ని. బడిలో నా పేరు "చందాల పిల్ల". ఆరో తరగతిలో పరుగు పందెంలో మూడోదాన్ని వచ్చాను. ఒక సారు నవ్వుతూ, "నీకు బాగానే ఉందిగా, మరి మా దగ్గర పైసలెందుకు తీసుకున్నారు?" అన్నారు. ఆ రోజు నుంచి ఆటల్లో పేరివ్వలేదు.

అక్కా, మీ బాబు అడిగాడా తన ఫొటో పెట్టమని? ఏడేళ్ళవాడికి తెలియదు. పదిహేనేళ్ళప్పుడు తెలుస్తుంది. ఆ గది ఫొటో పెట్టండి. ఖాళీ స్టూలు, దాని పక్కన సెలైన్ స్టాండు. లేకపోతే మీరు చెప్పిన ఆ అట్టముక్క మీద బస్సు బొమ్మ. నేనైతే అది చూసి ఇస్తాను.

ఇంకొకటి అడగొచ్చా? గురువారం కాకుండా ఆదివారం ఎక్కించే వీలుంటే పిల్లలకు బడి పోదు. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి పదిహేడు రోజులు. నాకు పదో తరగతి దాకా లెక్కలు ఎక్కడో ఒకచోట తెగిపోతూనే ఉండేవి.

మిర్చి_యార్డు | నవంబర్ 18, ఉదయం 7:20

చెల్లే, నేను ఇటువైపు నుంచి ఆలోచించలేదు. మా బాబాయి కొడుకు ఫ్లెక్సీ ఇంకా ఉందేమో ఇప్పుడే పోయి చూసొస్తా.

మిర్చి_యార్డు | నవంబర్ 18, ఉదయం 8:45

ఉంది. తీసేసిన.

పాత_సిస్టర్ | నవంబర్ 18, ఉదయం 10:30

తల్లీ, నువ్వు రాసింది ప్రతి వార్డులో అతికించాలి.

ఆదివారం సంగతి మంచిదే, కానీ అది ఒకసారి చందాతో అయ్యే పని కాదు. ఆదివారం గది తెరవాలంటే ఒక సిస్టర్, ఒక ల్యాబ్ మనిషి, పిలిస్తే వచ్చే డాక్టరు ఉండాలి. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పదిహేను నిమిషాలు బిడ్డ పక్కనుంచి కదలకూడదు. బ్యాగు పెట్టిన దగ్గర నుంచి నాలుగు గంటల్లో పూర్తవ్వాలి. జీతం నెలనెలా ఇవ్వాలి. నెలకు ఇంత అని మాటిచ్చి నిలబడే పదిమంది దొరికితే, అప్పుడు ట్రస్టును అడగవచ్చు. మూడు నెలలు ఇచ్చి ఆపేస్తే ఆ సిస్టర్ ఉద్యోగం పోతుంది, అది ఇంకా పాపం.

పరకాల_చెల్లె | నవంబర్ 19, రాత్రి 11:50

నేను ఎవరో చెప్పను. హన్మకొండ అక్క వచ్చే ఆసుపత్రికే మా పాపను తీసుకొస్తా. అక్క నన్ను చూసే ఉంటుంది.

ఆ గురువారం నోట్‌బుక్ నా దగ్గరికి వచ్చింది. నా కంటే ముందు ఒకరు 500 రాశారు, ఒకరు 1,000 రాశారు. పేరు, ఎదురుగా అంకె. నా దగ్గర 110 రూపాయలు ఉన్నాయి. మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక నాకు టికెట్ లేదు, పాపకూ లేదు. ఆ 110 రూపాయలు మధ్యాహ్నం తినడానికి, పాపకు సిరప్ కొనడానికి పెట్టుకున్నవి. నోట్‌బుక్ పట్టుకున్న అక్క నవ్వుతూ నిలబడింది. 50 రాశాను. మిగిలిన 60తో సిరప్ రాలేదు. పాపకు రెండు ఇడ్లీ తినిపించి నేను ఇంటికి పోయాక తిన్నా.

అక్క మీద నాకు కోపం లేదు. అక్క మంచిదే, పోయిన నెల మా పాపకు సూది గుచ్చడానికి నరం దొరకకపోతే కాళ్ళు పట్టుకుని కూర్చుంది. కానీ వచ్చే గురువారం మళ్ళీ ఆ నోట్‌బుక్ వస్తదని బుగులైంది. సిస్టర్‌కు ఫోన్ చేసి మా రోజు శనివారానికి మార్చమని అడిగిన. ఇవ్వలేదని పాపకు రక్తం ఆపరని తెలుసు. తెలిసినా లోపల ఒకటి అంటది, ఇచ్చినవాళ్ళ పిల్లలకు ముందు పెడతరేమో అని.

హన్మకొండ_అమ్మ | నవంబర్ 20, ఉదయం 5:10

చెల్లే, రాత్రి నుంచి నిద్ర పట్టలేదు. నీ 50 చూశాను, తీసుకున్నాను, థాంక్స్ కూడా చెప్పాను. నీ మొహం చూడలేదు. మన్నించు.

ఆ నోట్‌బుక్ ఇంకెప్పుడూ ఆ గదిలోకి రాదు. ఆ 4,300 ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తాను, అందరికీ, 1,000 రాసినవాళ్ళకు కూడా. నువ్వు రోజు మార్చుకోవద్దు. శనివారం ల్యాబ్ మధ్యాహ్నమే మూస్తారు, పాపకు ఆలస్యమవుతుంది. రోజు మారాల్సింది ఎవరైనా అయితే అది నేను.

సుబేదారి_ఆడిటర్ | నవంబర్ 20, ఉదయం 9:40

ఈ విషయం నేను మొదటి పోస్టులోనే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఖాతా, రసీదు, ఫారం గురించి అంత రాసి, ఎవరిని అడగకూడదో రాయలేదు. వైద్యం పొందుతున్న పిల్లల తల్లిదండ్రులను ఆ వైద్యం జరిగే చోట అడగకూడదు. వాళ్ళు వద్దనలేరు. మీరు కూడా మేడం, దాతల బోర్డు మీద మీ పేరు లేకుండా చూసుకోండి. ఫలానా దాత కొడుకు అని వార్డులో ఒక్కరికి తెలిసినా మీ బాబు వరుస ముందుకు జరిగినట్టే అందరికీ అనిపిస్తుంది, జరగకపోయినా సరే.

ఉట్నూరు_సార్ | నవంబర్ 20, సాయంత్రం 6:15

మాది ఏజెన్సీ. నేను ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను, మా పిల్లల్లో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవాళ్ళు ఉన్నారు. నొప్పి వస్తే రాత్రికి రాత్రి వాళ్ళను మోసుకుపోయిన రోజులున్నాయి. మీ చర్చ మొత్తం చదివాను. ఒక్క మాట జోడిస్తాను.

డబ్బు ఇవ్వలేని తల్లి దగ్గర కూడా ఇవ్వగలిగేది ఉంటుంది, కానీ ఏం ఇస్తావని ఎవరూ అడగరు. మాకు ఒకసారి ఆసుపత్రిలో గోండి మాట్లాడేవాళ్ళు లేక ఒక తల్లి రోజంతా ఏమీ అడగకుండా కూర్చుంది. పక్క మంచం తల్లి వచ్చి మాట చెప్పి పెట్టింది. దానికి ఏ రసీదూ లేదు.

రక్తం గురించి కూడా ఆలోచించండి. వేసవిలో కాలేజీలు మూసేస్తే క్యాంపులు ఆగిపోతాయి. మీ పిల్లలకు మాత్రం మే నెలలోనూ మూడు వారాలకోసారి కావాల్సిందే.

పరకాల_చెల్లె | నవంబర్ 20, రాత్రి 10:30

అక్కా, ఏడవకు. నువ్వు రోజు మార్చుకోవద్దు, నేనూ మార్చుకోను.

పైసలు లేవు గానీ నాకు సకినాలు చుట్టుడు బాగా వచ్చు. మా అత్తమ్మకూ వచ్చు. సంక్రాంతికి పట్నంలో చుట్టుకునే ఓపిక ఎవరికీ లేదు, అందరూ కొనుక్కుంటున్నారు. సామాను ఎవరైనా తెస్తే మేం చుడతాం. ఆ డబ్బు ఆసుపత్రికి పోనీ. బియ్యం ఒకరాత్రి నానాలి, తెల్లారి గిర్నీ పట్టించి తడి ఆరకముందే చుట్టాలి. ఎండిన పిండితో చుడితే సుట్ట విరుగుతది.

హన్మకొండ_అమ్మ | నవంబర్ 21, ఉదయం 6:00

సామాను మాది. చోటు మా ఇంటి డాబా మీద. గురువారం పిల్లల అమ్మల్లో వచ్చే వీలున్నవాళ్ళే వస్తారు, రానివాళ్ళను ఎందుకు రాలేదని ఎవరూ అడగరు.

నిన్న సిస్టర్‌ను పక్కకు పిలిచి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫిల్టర్లు అంది. ఇప్పుడు ఒకసారి రియాక్షన్ వచ్చిన పిల్లలకే వాడుతున్నారట, అందరికీ సరిపోవడం లేదు. ఇంకొకటి కూడా అడిగింది. మేం కూర్చునే చోట ఒక కర్టెన్. పాలిచ్చే తల్లులు గోడవైపు తిరిగి కూర్చుంటున్నారట. నాలుగేళ్ళుగా వస్తున్నా నా కంటికి ఆ గోడ కనపడలేదు.

మిర్చి_యార్డు | నవంబర్ 21, ఉదయం 8:05

నూనె నా తరఫున. అమ్మే సకినాలకు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ తీసుకోండి అక్కా, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. మా యార్డు వాళ్ళ ఆర్డర్లు రాసుకోండి, ఇప్పటికి 22 కిలోలు.

హన్మకొండ_అమ్మ | జనవరి 18, రాత్రి 9:30

ఇన్ని రోజులు రాయలేకపోయాను. లెక్క ముందు చెప్తాను.

పదకొండు మందిమి నాలుగు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు పరకాల చెల్లె వాళ్ళ అత్తమ్మ పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టింది, ఆ తర్వాతే చుట్టనిచ్చింది. డాబా నిండా తెల్లగుడ్డలు. నావి మొదటి రోజు అన్నీ వంకరే. ఆమె నా వేళ్ళు పట్టుకుని, "పిండిని తొయ్యకు, దాని అంతట అది జారాలె" అని చూపించింది. రెండో రోజు సాయంత్రానికి మూడు చుట్లు తెగకుండా వచ్చాయి. నువ్వులు, వాము వేగే వాసనకు కింది వాటా వాళ్ళు వచ్చి రెండు కిలోలు చెప్పి పోయారు.

మొత్తం 96 కిలోలు, కిలో 450. 43,200 వచ్చాయి. నూనె మిర్చి యార్డు అన్న ఊరికే ఇస్తానన్నా దాని ఖరీదు కూడా లెక్కలో చూపి, ఆయన పేరున ట్రస్టుకు కట్టాం. ఖర్చులు పోను 25,180 మిగిలాయి, ట్రస్టు ఖాతాలో వేశాం. బయటివాళ్ళు నేరుగా ట్రస్టు ఖాతాకు పంపింది 1,31,000. డాలస్ నుంచి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఇద్దరే పంపారు, మిగతావాళ్ళకు కారణం చెప్తే అర్థం చేసుకున్నారు.

మూడు లక్షలు కాలేదు. అనుకున్నదాంట్లో సగం. వాలే కుర్చీలు నాలుగు, ఒక్కోటి 24,500. మిగతాదంతా ఫిల్టర్లకని లెటర్ రాసిచ్చాం. కర్టెన్ మా ఆయన కుట్టించుకొచ్చారు. బోర్డు మీద ఎవరి పేరూ లేదు. ఆదివారం విషయం ట్రస్టువాళ్ళు ఇప్పుడే కాదన్నారు, నెలనెలా ఇచ్చేవాళ్ళు ఇప్పటికి నలుగురే ఉన్నారు.

నిన్న మా వాడు కుర్చీలో కూర్చుని చేతి రెక్క మీద చెయ్యి పెట్టాడు. సిస్టర్ అట్టముక్క తీయలేదు, దాని అవసరం లేకపోయింది. వాడు ఒప్పుకోలేదు. బస్సు ఎక్కడ గీస్తారని అడిగాడు. చివరికి ప్లాస్టర్ మీద గీసింది.

బీ_పాజిటివ్_22 | జనవరి 18, రాత్రి 10:15

అక్కా, కుర్చీలు చూడటానికి వస్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో మే నెలకు రక్తదాతల జాబితా మొదలుపెట్టాను. అందరూ ఒకే రోజు ఇస్తే లాభం లేదు, ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవ ఉండవు. పైగా మగవాళ్ళు ఒకసారి ఇచ్చాక మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. అందుకని వారానికి ఆరుగురి చొప్పున, సెలవులకు ఇంటికి పోకుండా వరంగల్‌లోనే ఉండేవాళ్ళ పేర్లే రాస్తున్నాను. ఇప్పటికి పందొమ్మిది మంది. మే 8 తలసీమియా దినం అని అందరూ ఆ ఒక్క రోజే క్యాంపు పెడతామంటున్నారు, వాళ్ళను జూన్‌కు ఒప్పిస్తున్నాను.

పాత_సిస్టర్ | జనవరి 19, ఉదయం 6:20

దాతల బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 తగ్గకూడదు తల్లీ, ముందే చూసి రాసుకో. హాస్టల్ ఆడపిల్లల్లో సగం మంది అక్కడే ఆగిపోతారు. అట్లా ఆగినవాళ్ళకు, తలసీమియా మైనర్ ఉందో లేదో తెలిపే హెచ్‌బీఏ2 పరీక్ష గురించి కూడా చెప్పు. మైనర్ అంటే జబ్బు బయటపడకుండా లోపల మోసేది, అది ఉన్నా తెలియకుండా పెళ్ళి చేసుకునేవాళ్ళు చాలామంది. ఇద్దరికీ మైనర్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

మంచిర్యాల_నాన్న | జనవరి 19, మధ్యాహ్నం 2:00

నెలనెలా ఇచ్చేవాళ్ళలో ఐదో పేరు నాది రాయండి. నెలకు 1,000. మా పాప పేరు వద్దు, నా పేరూ వద్దు.

పరకాల_చెల్లె | జనవరి 19, రాత్రి 8:40

అక్కా, ఈ గురువారం వస్తున్నం. సకినాలు ఆరబోసిన తెల్లగుడ్డ ఒకటి మా సంచిలో వచ్చింది. నూనె మరకలు పోలేదు, రెండుసార్లు ఉడకబెట్టి ఉతికిన. తెస్తా.